మైకు లేని మృదంగం

12 సెప్టెంబరు 2004, ఆదివారం

నలభై ఏళ్లుగా నేను రాస్తున్నది జమాఖర్చులే. పాలు, కూరలు, మందులు, ఆటో, ఏ రోజువి ఆ రోజు. ఇవాళ జరిగినదాన్ని ఏ పద్దు కింద వేయాలో తెలియలేదు. నిహారిక రెండు పేజీలు రాసి పడేసిన నోటుబుక్కు కనబడితే తీసుకున్నాను. మనవరాలి తరానికి కాగితమంటే లెక్కలేదు. ఇది ఎవరికీ చూపించేది కాదు. కచేరీ అయిపోగానే మానేస్తాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నవత చెప్పింది. వచ్చే నెల పదహారున ఫిల్మ్‌నగర్ కమ్యూనిటీ హాల్లో వాళ్ల మహిళా సమితి కచేరీ పెడుతోంది. వచ్చిన డబ్బు వయసు మళ్లిన జూనియర్ ఆర్టిస్టుల వైద్యానికి ఇస్తారట. పాడేది వెనక వీధిలో ఉండే బాలాత్రిపురసుందరిగారు.

“పాడేటోళ్లు దొరికిండ్రు అత్తమ్మా, మృదంగం వాయించేటోళ్లే దొరుకుతలేరు. పైసలిచ్చి పిలిపిస్తే ఇగ చారిటీకి మిగిలేదేముంటది? మీరున్నరు కదా ఇంట్ల.”

“నేను సభల్లో వాయించలేదు.”

“రోజు వాయిస్తనే ఉన్నరు కదా వెనక గదిల. తువ్వాలేసి.”

తువ్వాలు సంగతి కోడలికి తెలుసని నాకు తెలియదు. మా అబ్బాయి రామకృష్ణ రాత్రంతా అమెరికా వాళ్లతో ఫోన్లలో ఉండి తెల్లవారాక పడుకుంటాడు. పదకొండు దాకా ఇంట్లో చప్పుడు కాకూడదు. అందుకని మృదంగం మీద తువ్వాలు కప్పి వాయించుకుంటాను. మావారు పోయి, కాకినాడ ఇల్లు ఖాళీ చేసి ఈ జూబ్లీహిల్స్‌కు వచ్చిన ఐదేళ్లుగా అంతే.

ఆలోచించి చెబుతానన్నాను. ఇందులో నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు.

సాయంత్రం మృదంగం వెలుతురులో పెట్టి చూశాను. కుడివైపు మూత మార్పించాలి.

15 సెప్టెంబరు, బుధవారం

చిక్కడపల్లి వెళ్లి మూత మార్పించుకొచ్చాను. ఒప్పుకుంటున్నానని నవతకు చెప్పాను. “నాకు ఎరికే అత్తమ్మా, పేరు ప్రింటుకు గూడ ఇచ్చేసిన” అంది. అడగకుండా ఇవ్వడం పద్ధతి కాదని చెప్పాను. ఏ అక్షరాలతో ఇచ్చిందో కనుక్కున్నాను. సత్యలక్ష్మి, సరిగానే ఇచ్చింది.

19 సెప్టెంబరు, ఆదివారం

సుందరిగారింటికి వెళ్లాను. (పూర్తి పేరు ప్రతిసారీ రాయడం దండగ.) ఆమె భర్త ఒకప్పుడు సినిమాలు పంపిణీ చేసేవారట, హాలు నిండా శతదినోత్సవాల షీల్డులు. వాటిమీద దుమ్ము లేదు. ఆమెది తెనాలి వైపు, నాకంటే నాలుగేళ్లు చిన్న. నోరు ఒక్క నిమిషం ఆగదు.

“రండి వదినగారూ. మీరు లెక్కల లెక్చరరంటగా. నాకు లెక్కలంటే భయం, ముందే చెబుతున్నా.”

“ఆదితాళానికి ఎనిమిది దాకా వస్తే చాలు.”

“ఎనిమిది దాకానా? మా ఆయన ఏడింటికే నిద్రపోతారు.”

మోహనలో ఒక కీర్తన, హిందోళంలో ఒకటి, చివర్లో మంగళం. మోహన తర్వాత నాకు తని ఆవర్తనం నాలుగు నిమిషాలు. అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే పలికే భాగం. నేను అడగలేదు, ఆమే ఉంచింది.

గొంతు బాగుంది. కాలప్రమాణం మాత్రం నిలవడం లేదు. పల్లవిలో అందుకున్న నడక చరణానికి వచ్చేసరికి వెనకబడుతోంది. మూడుసార్లు ఆపి చెప్పాను.

“నేను నెమ్మదిస్తున్నానా? నాకేమో మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్ అందుకోవాలన్నట్టు వాయిస్తున్నారు వదినగారూ.”

“నడక చెడకుండా చూడటం మృదంగం పని.”

“చిత్తం హెడ్మాస్టరుగారూ.”

మాటకు మాట చెబుతుంది గాని ముఖం చిన్నబుచ్చుకోదు. వచ్చేటప్పుడు కజ్జికాయలు కట్టి ఇచ్చింది.

పాడేటప్పుడు ఆమె తాళం తొడమీద వేసుకుంటుంది. అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ. చెయ్యి దిగినప్పుడల్లా గాజులు మణికట్టు మీదికి జారతాయి. మావారు పోయాక ఎదురుగా కూర్చుని తాళం వేసే చెయ్యిని చూడటం ఇదే మొదటిసారి. ఊరికే రాశాను.

21 సెప్టెంబరు

సుందరిగారు ఫోను చేస్తానన్నారు. చేయలేదు. నేను చేయవలసిన పని లేదు.

23 సెప్టెంబరు, గురువారం

ఫోను రాలేదు.

మృదంగం ఎడమవైపు రవ్వ తడిపి అంటిస్తేనే గుమ్మని పలుకుతుంది. వంటింట్లో డబ్బా తీస్తుంటే వంటమనిషి ఎల్లమ్మ చూసింది.

“ఉప్మాకు పెట్టిన రవ్వ అది, ఏడికి తీస్కపోతున్నవు పెద్దమ్మా?”

“మృదంగానికి.”

“ఓ, గదానికి గూడ టిఫిన్ పెడ్తవా? మంచిగున్నది. మరి నువ్వు తిన్నవా?”

తిన్నానని చెప్పాను. తినలేదు, గుర్తు లేక.

26 సెప్టెంబరు, ఆదివారం

రెండో సాధన. మొదటిదానికంటే అన్యాయం. హిందోళంలో అనుపల్లవి దగ్గరే ఆమె వెనకబడింది. ఆమె చెయ్యి దిగేసరికి నా దెబ్బ పడిపోయి ఉంటోంది. నేను గట్టిగా వాయించి దారి చూపించబోయాను. ఆమె పాట ఆపేసి కుర్చీలో వెనక్కి వాలింది.

“కాఫీ తాగుదాం వదినగారూ. ఊపిరాడటం లేదు.”

కాఫీ తాగుతూ మావారి గురించి అడిగింది. బ్యాంకులో పనిచేసేవారని, సాయంత్రాలు ఇంట్లో పాడుకునేవారని, నేను పక్కన వాయించేదాన్నని చెప్పాను.

“బయట ఎక్కడా పాడలేదా?”

“లేదు. పాడదగ్గ గొంతు కాదు.”

“మరి అన్నేళ్లు ఎలా వాయించారండీ?”

కప్పు కింద పెట్టి మృదంగం ముందుకు జరుపుకున్నాను. రెండో దఫా సాధన చేద్దామంటే తలనొప్పి అంది. ఇంటికి వచ్చేశాను.

కచేరీకి ఇంకా వ్యవధి ఉంది. ఆమె రోజూ తాళం వేసుకుని పాడుకుంటే సరిపోతుంది. ఎలా సాధన చేయాలో ఒక కాగితం మీద రాసి డ్రైవరు చేత పంపాను.

30 సెప్టెంబరు

సుందరిగారు ఊళ్లో లేరని వాళ్ల పనిమనిషి చెప్పింది. సాయంత్రం మందుల షాపుకు వెళుతుంటే ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ స్టూడియో ముందు వాళ్ల కారులాంటిది కనిపించింది. అలాంటి కార్లు ఇక్కడ చాలా ఉంటాయి.

3 అక్టోబరు, ఆదివారం

నవత ఒకతన్ని ఇంటికి పిలిపించింది. పేరు తిరుమలేశ్, షేక్‌పేటలో ఉంటాడు, ఫంక్షన్లకు సౌండు పెడతాడు. నేను కచేరీకి మైకులు ఎక్కడెక్కడ కావాలో గీసి ఉంచాను. అతను ఆ కాగితాన్ని ఒకసారి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“గివన్ని అవసరం లేదు మేడమ్. ట్రాక్ రెడీ అయింది.”

“ట్రాక్ అంటే?”

“పాట రికార్డు చేసి పెట్టినం. ఆ మేడమ్ మొన్న స్టూడియోకొచ్చి పాడి పోయింది. మృదంగం మా ఆర్టిస్టు కొట్టిండు. ఇగ ఆ రోజు సీడీ ఏస్తం. ఆమె పెదాలు కదుపుతది, మీరు చేతులు ఆడిస్తరు. జనాలకు ఏం తెల్వది.”

“అంటే నేను వాయించనక్కర్లేదా?”

“వాయించుండ్రి, ఎవరొద్దన్నరు? మైకు ముంగటనే ఉంటది. జర బంద్ ఉంటది.”

“బంద్ చేసిన మైకు ముందర పెట్టడం ఎందుకు?”

“ఫోటోలకు.”

వెటకారం లేదు. పని చెప్పినట్టే చెప్పాడు. ఇది సినిమా వాళ్లుండే చోటనీ, ఇక్కడ ఏ ఫంక్షన్‌లోనూ అక్కడికక్కడ పాడే ధైర్యం ఎవరూ చేయరనీ, టీవీ వాళ్లు కూడా వస్తున్నారనీ, తప్పు పోతే మళ్లీ తీయడానికి ఉండదనీ వివరించాడు. తని ఆవర్తనం సంగతి అడిగాను. “గది తీసేసినం మేడమ్, లెంతు ఎక్కువైతుంది” అన్నాడు.

అతను వెళ్లాక నవత నా పక్కన కూర్చుంది. మామూలుగా కూర్చోదు.

“నేనైతే వద్దనే అన్న అత్తమ్మా. కమిటీల అందరు గట్లనే అన్నరు. సుందరి ఆంటీ గూడ...” అని ఆగింది.

“సుందరిగారు కూడా ఏమన్నారు?”

“మీరే అడుగుండ్రి.”

నేను రానని చెప్పాను. కార్డుల్లో పేరు పడింది, పంచేశామంది.

5 అక్టోబరు, మంగళవారం

అడిగాను.

సుందరిగారు తలుపు తనే తీసింది. నన్ను చూసి, “కూర్చోండి వదినగారూ, తిట్టేముందు మంచినీళ్లు తాగండి” అంది. తాగలేదు.

“ఊళ్లో లేనని చెప్పించారు.”

“చెప్పించాను. తప్పే. మీ ముఖం చూస్తే చెప్పలేనని తెలుసు.”

“ఏం చెప్పలేరు?”

ఆమె గాజులు సర్దుకుంది. “మీతో పాడుతుంటే నాకు ఆయాసం వస్తోందండీ. నేను తాళం వేస్తున్నాను. మీరు చూస్తున్నారు. చూస్తున్నారు గాని ఆగడం లేదు.”

“మీరు వెనకబడుతుంటే నేను ఆగాలా?”

“నేను వెనకబడటం లేదు వదినగారూ. మీరు పరిగెడుతున్నారు.”

ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన మనిషిని. తప్పు ఎవరిదో తేల్చడం నాకు రాదా. లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చి ఒక సీడీ చేతిలో పెట్టింది. “కనీసం ఇది విని చూడండి. ఆ రోజు మీ పక్కన కూర్చోవాలి నేను. కోపంతో కూర్చోకండి.”

కోపం నాకు లేదు. కార్డులో పేరు పడింది కాబట్టి వెళతాను. అంతవరకే.

7 అక్టోబరు, గురువారం

నిహారిక సీడీ ప్లేయరు అడిగి తెచ్చుకున్నాను. “నానమ్మా, నీకు పాటలు వినడం కూడా వచ్చా?” అంది. తలుపు మూసుకుని వెళ్లి చదువుకోమన్నాను.

వెనక గదిలో మృదంగం ముందు పెట్టుకుని సీడీ వేశాను. ట్రాకు నెమ్మదిగా ఉంది. మోహన చరణం దగ్గర స్పష్టంగా వెనకబడింది. మళ్లీ వేశాను. మళ్లీ అక్కడే. సీడీ ప్లేయర్లో లోపం ఉందేమోనని కొత్త బ్యాటరీలు తెప్పించాను.

తువ్వాలుతో సరిగా వినబడటం లేదని తీసేశాను. ఉదయం తొమ్మిదిన్నర. ఐదేళ్లలో మొదటిసారి ఈ ఇంట్లో మృదంగం పూర్తి గొంతుతో పలికింది. ఎవరైనా వచ్చి ఆపుతారని చూస్తూనే వాయించాను. ఎవరూ రాలేదు. పైకి వెళ్లి చూశాను. రామకృష్ణ గది తలుపు మూసి ఉంది, ఏసీ నడుస్తోంది, లోపల గురక. కిందికి వచ్చి మళ్లీ వాయించాను. లేవలేదు.

తువ్వాలు అవసరం ఎప్పుడూ లేదన్నమాట.

8 అక్టోబరు

గోడ గడియారం సెకన్ల ముల్లుతో సరిచూశాను. సీడీ సరిగానే ఉంది.

10 అక్టోబరు, ఆదివారం

నిన్న ఏమీ రాయలేదు.

మావారి గొంతు సామాన్యం. బ్యాంకు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేను దీపం పెట్టేవేళకు చాప మీద కూర్చునేవారు. నేను ముందుకు పోతే ఏమీ అనేవారు కాదు. తాళం వేసే చెయ్యి గాలిలోనే ఉంచేవారు. అది దిగేదాకా నేను ఆగవలసి వచ్చేది. మనిషే నిదానం, అందుకని తాళమూ నిదానం అనుకునేదాన్ని. ఆయన ఆపుతున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆ ఖాళీ ఇద్దరిదీ. ఒక్కరే కూర్చుంటే అందులో ఎవరూ ఉండరు. చెయ్యి దాన్ని త్వరగా దాటేయాలని చూస్తుంది. రోజుకు కొంచెం. ఐదేళ్లు.

ఒంటరిగా వాయించేవాళ్లు పరిగెడతారని కాకినాడలో మా గురువుగారు అంటుండేవారు. అది బద్ధకస్తులైన శిష్యుల గురించి అనుకున్నాను.

ఇవాళ సీడీతో పదకొండుసార్లు వాయించాను. పదోసారి నుంచి కొంచెం నిలిచింది. ఆ రికార్డులో వాయించిన అతని చెయ్యి చాలా మంచిది. ఎక్కడ ఆగాలో తెలుసు. సీడీ అట్ట మీద అతని పేరు లేదు.

13 అక్టోబరు

ఈ పూట భోజనానికి అందరూ ఉన్నారు. రామకృష్ణ ఫోను చూసుకుంటూ తిన్నాడు. “శనివారం వస్తాను అమ్మా, తప్పకుండా. కాల్ ఉంది గాని మార్చుకుంటా.” రానక్కర్లేదన్నాను. ట్రాకు సంగతి నవత వాడికి చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు. చెప్పవలసినంత విషయం కాదు.

16 అక్టోబరు, శనివారం

హాలు నిండింది. ముందు వరసలో సినిమా వాళ్లు, వాళ్ల వెనక కాలనీ వాళ్లు. వేదిక మీద నా ముందు రెండు మైకులు, మృదంగానికి రెండు వైపులా. తిరుమలేశ్ వాటిని ఎంతో శ్రద్ధగా సరిచేశాడు. పనిచేయని మైకును ఇంత నేరుగా ఎందుకు పెట్టాలో అర్థం కాలేదు.

మృదంగానికి శ్రుతి చేసుకున్నాను, రవ్వ అంటించాను. ఎవరూ వినకపోయినా శ్రుతి లేని మృదంగం ముందు నేను కూర్చోలేను.

పాట మొదలైంది. సుందరిగారి గొంతు నాలుగు మూలల నుంచి వచ్చింది, పక్కనే ఉన్న ఆమె నుంచి తప్ప. మృదంగం కూడా పైనున్న స్పీకర్ల నుంచే పలికింది. నేను వాయించాను. మోహన పల్లవిలో రెండుసార్లు నా చెయ్యి ముందు పడింది. పైనుంచి వచ్చే దెబ్బ ఆ తర్వాత వినబడింది. అప్పుడు పక్కకు చూశాను. ఆమె పెదాలు కదుపుతోంది, అలవాటు కొద్దీ చేత్తో తొడమీద తాళమూ వేస్తోంది. ఆ తాళం ఎవరికీ అక్కరలేదు. పైకి చూడటం మానేసి ఆ చెయ్యినే చూస్తూ వాయించాను. హిందోళం ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు.

ఒక పెద్ద నటుడు శాలువాలు కప్పారు. ఈ వయసులో ఇంత స్పష్టమైన వాయింపు తాను వినలేదన్నారు. చప్పట్లు కొట్టారు. నమస్కారం పెట్టాను. ఇంకేం చేయాలో తోచలేదు.

రామకృష్ణ వచ్చాడు. ఆఫీసు బ్యాడ్జీ మెడలోనే ఉంది. వేదిక పక్కకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది.

“అమ్మా, నువ్వింత బాగా వాయిస్తావని నాకు ఇన్నాళ్లూ తెలీదు.”

“సరే” అన్నాను.

వాడి కళ్లు తడిగా ఉన్నాయి. అప్పుడు చెప్పి ఉండవలసింది. చెబితే చెయ్యి వదిలేస్తాడేమో అనిపించింది. వాడికి ఫోను వచ్చింది, ఎలాగూ వదిలేశాడు.

మేకప్ గదిలో సుందరిగారు ఒక్కతే కూర్చుని ఉంది. అద్దం ముందు పూలు తీసుకుంటోంది. వేరే ఎవరూ లేరు.

“ఛీ, నా గొంతుకు నేనే నోరు ఆడించాను వదినగారూ. తోలుబొమ్మలా.”

నేను పక్క కుర్చీలో కూర్చున్నాను.

“పక్కన కూర్చున్నాను కదా, నాకు రెండూ వినబడ్డాయి. పైనుంచి వచ్చిందీ, మీదీ.”

“నాది ఎలా ఉంది?”

“మొదట్లో ముందుంది. తర్వాత కలిసింది.” పూలు అద్దం ముందు పెట్టి నావైపు తిరిగింది. “హిందోళంలో మీదే బాగుంది. ఈ మాట మొహమాటానికి అనడం లేదు. నాకు మీరంటే భయం గాని మొహమాటం లేదు.”

కారులో నవత, నిహారిక కచేరీ గురించి, చీరల గురించి మాట్లాడుకున్నారు. నేను కిటికీ వైపు కూర్చున్నాను. ఈ సాయంత్రం అంతమంది విన్నది నన్ను కాదు. విన్నది ఒక్కరే.

17 అక్టోబరు, ఆదివారం

కచేరీ అయిపోగానే మానేస్తానని మొదటి పేజీలో రాశాను. కాని జరగవలసినవి కొన్ని మిగిలాయి. అవి రాసి మూసేస్తాను.

1. రామకృష్ణ లేచి కాఫీ తాగాక, నిన్న వాడు విన్నది నా వాయింపు కాదని చెప్పాలి. ఒక్క వాక్యంలో. నవత మీద తప్పు పెట్టకూడదు.

2. వాడికి తీరిక ఉంటే ఇప్పుడు వినమనాలి. తీరిక లేదంటే, ఎప్పుడు ఉంటుందో చెప్పమనాలి. ఆ రోజుకు వాడు మరిచిపోతే గుర్తు చేయాలి. గుర్తు చేయడం చిన్నతనమేమీ కాదు.

3. ట్రాకులో మృదంగం వాయించిన అతని పేరు తిరుమలేశ్‌ని అడిగి తెలుసుకోవాలి. నిన్న కప్పిన శాలువా అతనిది. డ్రైవరు చేత పంపకుండా నేనే తీసుకెళ్లి ఇవ్వాలి.

4. సుందరిగారింటికి వెళ్లాలి. నా చెయ్యి పరిగెడుతోందని ఆమె చెప్పింది నిజమని ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత, వారానికి ఒకసారి నా ఎదురుగా కూర్చుని తాళం వేస్తారా అని అడగాలి. పాడనక్కర్లేదు. సభ లేదు, కార్డు లేదు.

5. సరేనంటే, ఏ రోజు, ఎన్నింటికి అన్నది ఆమే చెప్పాలి. నేను కాగితం రాసి పంపకూడదు.

6. కాదంటే, అక్కడే కూర్చుని ఆమె ఇచ్చిన కాఫీ పూర్తిగా తాగాలి. త్వరగా లేచి రాకూడదు.